మాద్రిద్ పెళ్లికూతురు

(ఏడువేల దీవుల కథ – 14వ భాగం)

కిందటి భాగంలో 1902 ఆగస్టు 3 దగ్గర ఆగాం. ఆ రోజు మనీలాలో సెంత్రో దె బెల్యాస్ ఆర్తెస్ హాల్లో కార్మిక సంఘం సభ జరుగుతోంది. ఇసబెలో దె లోస్ రెయెస్ లేచి, ఇకనుంచి రోములోని పోపుకూ ఫిలిపినో క్రైస్తవులకూ సంబంధం లేదని ప్రకటించాడు. కొత్త చర్చికి పేరు కూడా అక్కడే పెట్టాడు: ఇగ్లేసియా ఫిలిపినా ఇండెపెండియెంతే. దాని పెద్ద బిషప్పుగా ఇలోకోస్ నార్తె పాదిరి గ్రెగోరియో అగ్లిపాయ్ పేరు ప్రతిపాదించాడు. గౌరవాధ్యక్షుడిగా సాక్షాత్తూ అమెరికన్ గవర్నర్ టాఫ్ట్ పేరే చెప్పాడు. టాఫ్ట్ వద్దన్నాడు. 333 ఏళ్లు స్పెయిన్ చేతి కింద మసలిన జనం ఆ కొత్త చర్చిలోకి వరదలా వచ్చారు. 1918 జనాభా లెక్కల్లో మాది ఆ చర్చేనని రాయించుకున్నవాళ్లు 14 లక్షల పైచిలుకు.

వరుస ప్రకారం ఇప్పుడు గుళ్ల ఆస్తుల మీద నడిచిన కోర్టు కేసులు చెప్పాలి. చెబుతాను. ముందు ఒక ఇంట్లోకి వెళ్లి రావాలి. చర్చి చరిత్రలన్నీ సభల్లో, తీర్మానాల్లో, బిషప్పుల దండకాల్లో నడుస్తాయి. ఆ సభ ముగిశాక ఆ మనిషి ఇంటికి వెళ్తాడు కదా, ఆ ఇంట్లో అన్నం వడ్డించే మనిషి ఎవరు, ఆమె ఏ గుడికి వెళ్లి మొక్కుకునేది అన్న ప్రశ్న చాలా రోజులుగా నన్ను వెంటాడుతోంది. జవాబు దొరికినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. స్పెయిన్ సన్యాసుల పెత్తనం మీద తిరగబడి చర్చి పెట్టిన ఇసబెలో భార్య స్పానిష్ స్త్రీ. స్పెయిన్ పదాతిదళంలో కల్నల్‌గా చేసిన ఒకాయన కూతురు. పుట్టు కాథలిక్కు.

ఆమె పేరు మరియా ఆంహెలెస్ లోపెస్ మొంతెరో.

ఆమె దగ్గరికి వెళ్లేముందు, ఆమె అడుగుపెట్టిన ఇల్లు ఎలాంటిదో తెలియాలి. ఆ ఇంట్లో అప్పటికే ఇద్దరు స్త్రీలు కన్నీళ్లు రాల్చి వెళ్లిపోయారు.

మొదటి స్త్రీ ఇసబెలో తల్లి లియోనా ఫ్లోరెంతినో. లూసోన్ దీవి వాయవ్య తీరాన విగాన్ అనే పాత ఊరు ఉంది. రాళ్లు పరిచిన వీధులు, పెంకులు పరిచిన పెద్ద ఇళ్లు. ఆ ఊరి కలవారి బిడ్డ లియోనా, 1849లో పుట్టింది. పద్నాలుగో ఏట ఎలియాస్ దె లోస్ రెయెస్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. ఐదుగురు పిల్లలు. ఇలోకానో భాషలోనూ స్పానిష్‌లోనూ ఆమె కవిత్వం చెప్పేది. ప్రేమ గురించి, ఆడదాని మనసు గురించి చెప్పేది. అది భర్తకు గిట్టలేదు. ఆమె భర్తకూ పిల్లలకూ దూరమై ఒంటరిగా బతికింది. ఇసబెలోను ఆరో ఏటనే బంధువుల ఇంట పెంపకానికి పంపేశారు. 35 ఏళ్లకే, 1884 అక్టోబరులో, లియోనా కన్నుమూసింది. తర్వాత ఐదేళ్లకు ఆమె కవితల్ని తన ‘ఎల్ ఫోక్‌లోర్ ఫిలిపినో’ గ్రంథంలో అచ్చువేసింది ఆ కొడుకే. ఈనాడు ఫిలిప్పీన్స్ కవయిత్రుల పేర్లు చెప్పమంటే మొదట చెప్పేది ఆమె పేరే. బతికుండగా పక్కన కూర్చోబెట్టుకోని తల్లిని, పోయాక పుస్తకంలో కూర్చోబెట్టాడు. ఆ కొడుకు మనసులో ఆ అపరాధ భావం ఎంతో కొంత ఉండే ఉంటుందని నేను అనుకుంటాను.

రెండో స్త్రీ హోసెఫా సెవిల్యా. తల్లి పోయిన ఏడాదే, ఆ జూన్‌లో, ఇసబెలో ఆమెను చేసుకున్నాడు. మనీలా పక్కన మలబోన్ ఆమె పుట్టిల్లు. ఇసబెలోకు అప్పటికి ఇరవై నిండుతున్నాయి. పదహారో ఏట పెంపుడు తండ్రికి చెప్పకుండా మనీలా పారిపోయి వచ్చిన కుర్రాడు, పగలు చదువు, రాత్రి పత్రికలకు రాతలు. ఆస్తి లేదు, కలం ఉంది. ఆ కలం మీదనే సంసారం సాగింది. 1889లో ‘ఎల్ ఇలోకానో’ పేరుతో తన మాతృభాషలో పత్రిక పెట్టాడు. ఫిలిప్పీన్స్‌లో దేశభాషలో వచ్చిన తొలి పత్రికగా దానికి పేరుంది. తర్వాత సొంత అచ్చుయంత్రం కూడా కొన్నాడు. పత్రిక నడిపేవాడి ఇల్లు ఎలా ఉంటుందో ఆ పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వేళాపాళా లేని భోజనాలు, ఎప్పుడొస్తారో తెలియని అతిథులు, బాకీల వాళ్లు, సెన్సారు వాళ్లు. ఆ ఇంట్లో హోసెఫా పదమూడేళ్ల కాపురంలో పదిమంది పిల్లల్ని కన్నది.

1896 ఆగస్టులో స్పెయిన్ మీద తిరుగుబాటు మొదలైంది. ఇసబెలో ఆ తిరుగుబాటు రహస్య సంఘంలో లేడు. అయినా 1897 ఫిబ్రవరిలో పట్టుకెళ్లి బిలిబిద్ జైల్లో పెట్టారు. అప్పటికే హోసెఫా మంచం పట్టి ఉంది. ఆయన జైలు గోడల మధ్య ఉండగానే ఆమె ప్రాణం పోయింది.

ఆ ఏడాది మే నెలలో కొత్త గవర్నర్ జనరల్ క్షమాభిక్ష ప్రకటించాడు. బయటికి వచ్చిన ఇసబెలో, తిరుగుబాటుకు అసలు కారణం సన్యాసి సంఘాల దోపిడీయేనని గవర్నర్‌కే ఒక నివేదిక రాసి ఇచ్చాడు. మళ్లీ పట్టుకున్నారు. ఈసారి ఓడెక్కించి సముద్రాలు దాటించి బార్సెలోనాలో మొంజుయిక్ కోటలో పడేశారు. పిల్లలు ఇక్కడ, తండ్రి అక్కడ.

మొంజుయిక్ పేరు చెబితే ఆ రోజుల్లో యూరప్ అంతా ఉలిక్కిపడేది. 1896లో బార్సెలోనాలో మతపరమైన ఊరేగింపు మీద బాంబు పడితే, ఆ నెపంతో వందలమందిని ఈ కోటలో పెట్టి చిత్రహింసలు పెట్టారు. కొండ మీద కోట, కింద సముద్రం. అక్కడ ఇసబెలోకు అరాచకవాదులతో, సోషలిస్టులతో సావాసం కలిసింది. రమోన్ సెంపావు అనే కవి ఆయనకు సహఖైదీ. అప్పటిదాకా జానపద కథలు, పాత ఆచారాలు, ఊరి పండుగల గురించి రాసిన మనిషి అక్కడ ప్రూధోన్‌నూ క్రొపోత్కిన్‌నూ చదువుకున్నాడు. 1898 జనవరిలో విడుదలయ్యాడు. దేశం కాని దేశంలో, పెళ్లాం పోయి, పిల్లలు అందనంత దూరంలో ఉండి, జేబులో డబ్బు లేని 33 ఏళ్ల మనిషి మాద్రిద్ చేరాడు.

మరియా ఆంహెలెస్ ఆయన్ని చూసింది ఈ స్థితిలోనే.

వాళ్ల పెళ్లి 1898 డిసెంబరులో జరిగింది. ఆ నెలను కాస్త ఆగి చూడండి. డిసెంబరు 10న పారిస్‌లో స్పెయిన్, అమెరికా సంధి రాసుకున్నాయి. రెండు కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్ చేతులు మారింది. క్యూబా పోయింది, ప్యూర్టోరికో పోయింది. అంత సామ్రాజ్యం ఒక్క వేసవిలో కూలిపోతే మాద్రిద్ వీధులు ఎలా ఉండి ఉంటాయి? వలసల నుంచి ఓడల్లో తిరిగొస్తున్న సైనికులు జ్వరాలతో, ఎముకల గూళ్లలా దిగుతున్నారు. ఫిలిప్పీన్స్ తూర్పు తీరాన బలేర్ అనే ఊళ్లో ఒక స్పానిష్ దళం గుళ్లో తలుపులు వేసుకుని, యుద్ధం ముగిసిందంటే నమ్మక, ఇంకా కాల్పులు జరుపుతూనే ఉంది. ఆ గుడి తలుపులు 1899 జూన్ దాకా తెరుచుకోలేదు. సైనికుల కుటుంబాల్లో ఫిలిపినో అన్న మాటకు ఆ రోజుల్లో తిరుగుబాటుదారు అనే అర్థం. ఆ నెలలో ఒక కల్నల్ కూతురు, తమ ప్రభుత్వమే సంకెళ్లు వేసి తెచ్చిన ఒక ఫిలిపినో విధురుణ్ణి పెళ్లాడింది.

ఆమె ధైర్యం గురించి ఎక్కడా పెద్దగా రాయలేదు. ఇసబెలో జీవితం మీద వచ్చిన రాతల్లో ఈ పెళ్లి ఒక వాక్యం. నాకు మాత్రం ఆయన చేసిన సాహసాలన్నిటికీ దీటైన సాహసం ఇందులో కనిపిస్తుంది. ఆయనకు పోవడానికి ఏమీ మిగలలేదు. ఆమెకు ఉన్నదంతా, పుట్టిల్లు, పరువు, సొంత మనుషులు, పణంగా పెట్టవలసి వచ్చింది.

మాద్రిద్ కాపురం మొదటి రెండేళ్లూ వాళ్ల జీవితంలో కొంత నిలకడగా సాగిన రోజులు. ఇసబెలోకు వలసల మంత్రిత్వ శాఖలో సలహాదారు ఉద్యోగం దొరికింది. బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వాళ్ల కోసం బైబిలును ఇలోకానోలోకి అనువదించే పని కూడా చేశాడు. ఈ పని చిన్నది కాదు. స్పానిష్ పాలనలో మూడు శతాబ్దాలు గడిచినా ఫిలిపినో రైతు చేతికి తన భాషలో బైబిలు రాలేదు. పాదిరి లాటిన్‌లో చదివితే వినడమే. ఇప్పుడు మాద్రిద్‌లో ఒక స్పానిష్ ఇల్లాలి ఇంట్లో ఆ పని సాగుతోంది. అదే బల్ల మీద 1899 అక్టోబరు నుంచి ఇంకొకటి మొదలైంది. ‘ఫిలిపినాస్ ఆంతె ఎఉరోపా’, అంటే యూరప్ ఎదుట ఫిలిప్పీన్స్, అనే పత్రిక. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో అమెరికా యుద్ధం చేస్తోంది. ఆ యుద్ధం మీద ఆ పత్రిక నిప్పులు చెరిగింది. 1901 జూన్ దాకా నడిచింది.

ఆ రాతల మధ్యనే, 1900 ఫిబ్రవరి 14న, మాద్రిద్‌లో మరియా ఆంహెలెస్ ఒక మగపిల్లాడిని కన్నది. తండ్రి పేరే పెట్టారు. ఇసబెలో దె లోస్ రెయెస్ హూనియర్. ఈ పిల్లాణ్ణి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

1901లో ఇసబెలో మనీలా తిరిగొచ్చాడు. సామాన్లలో మార్క్స్, ప్రూధోన్, మలతెస్తా పుస్తకాలు తెచ్చాడు. ఆ తర్వాత జరిగింది కిందటి రెండు భాగాల్లో చెప్పాను. పత్రిక పెడతానంటే అమెరికన్లు ఒప్పుకోలేదు. 1902 ఫిబ్రవరిలో అచ్చుపనివాళ్లతో మొదలుపెట్టి ఉనియోన్ ఒబ్రేరా దెమొక్రాతికా అనే కార్మిక సంఘం కట్టాడు. ఆగస్టులో సమ్మెలు చేయించాడు. అదే ఆగస్టులో చర్చి ప్రకటించాడు. చర్చి పుట్టిన పదమూడో రోజున పోలీసులు వచ్చి పట్టుకెళ్లారు. కూలి రేట్లు పెంచడానికి కుట్ర చేశాడన్నది నేరం. విచిత్రమేమిటంటే, శిక్ష వేసింది అమెరికన్ కోర్టు, వేసిన చట్టం స్పెయిన్ వదిలి వెళ్లిన పాత శిక్షాస్మృతి. 1903 జనవరి 30న విడిచిపెట్టారు. పెళ్లినాటికే రెండు జైళ్లు చూసి ఉన్న మనిషి. జైలు ఇది మూడోసారి.

కొత్త చర్చిని వీధిలో నిలబెట్టినవాళ్లలో ఆడవాళ్లే ముందున్నారని ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. 1902 అక్టోబరు చివర మనీలాలోని పందాకన్ పేటలో, కాథలిక్ అధికారులు పంపిన కొత్త పాదిరిని రానివ్వకుండా ఆ పేట స్త్రీలు గుడిని ఆక్రమించి కూర్చున్నారు. పోలీసులు చెప్పినా కదల్లేదు. తాతముత్తాతలు మోసిన రాళ్లతో కట్టిన గుడి మాది అన్నారు. గొడవ టాఫ్ట్ దాకా వెళ్లింది. 1903 జనవరిలో ఆయన ఒక ప్రకటన చేశాడు: గుడి శాంతంగా ఎవరి చేతిలో ఉంటే, కోర్టు వేరేగా తేల్చేదాకా, వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆ మాటతో దేశమంతటా గుళ్లు కొత్త చర్చి కిందికి వెళ్లాయి. 1906లో సుప్రీంకోర్టు వాటిని కాథలిక్కులకు తిరిగి ఇచ్చేయమనే దాకా అదే నడిచింది. పందాకన్ ఆడవాళ్లు ఆ రోజు కదిలి ఉంటే ఈ చర్చి చరిత్ర ఎంత చిన్నదై ఉండేదో!

మళ్లీ మరియా ఆంహెలెస్ దగ్గరికి వద్దాం.

1905లో ఇసబెలో స్పెయిన్ చేరాడు. 1909 దాకా అక్కడే. ఈ నాలుగేళ్లలో ఆయన చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. కొత్త చర్చికి గుళ్లున్నాయి, పాదిరులున్నారు, లక్షల జనం ఉన్నారు. ఆరాధనకు సొంత పుస్తకం లేదు. ఆ పుస్తకం, ‘ఒఫిసియో దివీనో’, ఇసబెలో తయారుచేశాడు. 1906లో అచ్చయింది. ఎక్కడ? బార్సెలోనాలో. తొమ్మిదేళ్ల కిందట తనను బంధించిన మొంజుయిక్ కోట నీడలో ఉన్న ఊరది. తర్వాత 1908లో ‘బిబ్లియా ఫిలిపినా’ తెచ్చాడు. అందులో సృష్టికథను ఆనాటి సైన్సుతో సరిపెట్టే ప్రయత్నం చేశాడు. డార్విన్ కాలపు మనిషి రాసిన ఆదికాండమది.

స్పెయిన్ పాదిరుల మీద తిరగబడిన ఒక చర్చి పూజ పుస్తకం స్పెయిన్‌లోనే, ఆమె పుట్టింటి దేశంలోనే, ఆమె భర్త చేతిలో తయారైంది. ఆమె ఆ మతంలో చేరలేదు. ఇసబెలో చేరమని పట్టుబట్టలేదు. పోపును కాదన్న ఆ మనిషి, భార్య కాథలిక్ నమ్మకాన్ని మాత్రం కాదనలేదు. పిల్లల్ని ఆ నమ్మకంలో పెంచుకోనిచ్చాడు. ఆయన కూతుళ్లలో కొందరు తర్వాత కాథలిక్ కాన్వెంటుల్లో సన్యాసినులయ్యారు కూడా. బయట ఎంత మాట అన్నా గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి గొంతు తగ్గించుకున్నాడంటే, ఆ గుమ్మం లోపల ఉన్న మనిషి గట్టిదై ఉండాలి. ఈ ముక్క నాకు నచ్చుతుంది. మతాలు మార్చిన మహానుభావులు చాలామంది ముందు ఇంట్లోవాళ్ల మెడలు వంచారు. ఇసబెలో అలా చేయలేదు.

అయితే ఆయన్ని మెచ్చుకుంటూనే ఒక లెక్క చెప్పాలి. 1898 డిసెంబరు నుంచి 1910 దాకా పన్నెండేళ్లు నిండని కాపురం. ఆ కాపురంలో మరియా ఆంహెలెస్ కన్న పిల్లలు తొమ్మిదిమంది. ఆ ఏళ్లలో మాద్రిద్, మనీలా, బార్సెలోనా, మళ్లీ తూర్పు దేశాలంటూ ఆయన తిరుగుడు ఆగలేదు. స్పెయిన్ నుంచి మనీలాకు ఆవిరి ఓడలో నెల రోజులు. కడుపుతోనో, చంటిబిడ్డతోనో ఉన్న ఇల్లాలికి అలాంటి మనిషితో సంసారం ఎంత బరువో. కుటుంబ నియంత్రణ అన్న ఆలోచనే లేని రోజులు, ప్రసవం అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అయిన రోజులు.

1910లో టోక్యోలో ఆమెకు కాన్పు వచ్చింది. కవల పిల్లలు. ఆ కాన్పులోనే ఆమె పోయింది.

స్పెయిన్ బిడ్డగా పుట్టి, మనీలా మనిషిని కట్టుకుని, జపాన్ రాజధానిలో ప్రాణం విడిచింది. ఆమె పుట్టింది పురుటి మంచం చుట్టూ తన భాష వినబడే ఊళ్లో. పోయింది తన భాష మాట్లాడేవాళ్లు పదిమందైనా ఉంటారో లేదో తెలియని ఊళ్లో. ఫిలిప్పీన్స్ చర్చి చరిత్ర రాసేవాళ్లు 1910ని ఏ సంఘటనకూ గుర్తుపెట్టుకోరు. నేను దీనికి గుర్తుపెట్టుకుంటాను.

ఇసబెలో రెండేళ్లకు, 1912లో, మూడో పెళ్లి చేసుకున్నాడు. మనీలాలోని తొందోకు చెందిన మరియా లిమ్, చైనా మూలాలున్న మెస్తిసా కుటుంబం పిల్ల. ఆయనకు 48 ఏళ్లు నడుస్తున్నాయి. ఆమె ఎనిమిదిమంది పిల్లల్ని కన్నది. ఆమె కూడా ఆయన కన్నా ముందే వెళ్లిపోయింది. హోసెఫా పదిమంది, మరియా ఆంహెలెస్ తొమ్మిదిమంది, మరియా లిమ్ ఎనిమిదిమంది. మొత్తం 27 మంది. పుస్తకాల్లో ఆయన్ని ఫిలిప్పీన్స్ జానపద విజ్ఞానానికి తండ్రి అంటారు, కార్మికోద్యమానికి తండ్రి అంటారు. రెండూ న్యాయమే. ఆ 27 మందికి తల్లులు ముగ్గురున్నారని కూడా ఆ పుస్తకాల్లో ఇంకో నాలుగు వాక్యాలు పడితే బాగుండేది.

దోన్ బెలోంగ్ అని జనం ముద్దుగా పిలిచే ఆ పెద్దమనిషి తర్వాత మనీలా నగర కౌన్సిల్లో ఉన్నాడు, 1922లో సెనేటరయ్యాడు. 1929లో పక్షవాతం వచ్చింది. నడక పోయింది, మాట తడబడింది. ఆ మంచం చుట్టూ రెండు చర్చిలూ నిలబడ్డాయి. 1936 సెప్టెంబరు 14న ఆయన స్వతంత్ర చర్చిని వదిలి కాథలిక్ మతంలోకి తిరిగొస్తున్నట్టు ఒక పత్రం మీద సంతకం చేశాడని కాథలిక్కులు ప్రకటించారు. అది నమ్మదగిన పత్రం కాదని స్వతంత్ర చర్చి వాళ్లు కొట్టిపారేశారు. ఒకవైపు సన్యాసినులైన కూతుళ్లు, మరోవైపు స్వతంత్ర చర్చిలో పాదిరై పైకొచ్చిన కొడుకు. రెండు మతాలకూ చోటిచ్చిన ఇల్లు చివరికి ఆ ముసలాయన ఆత్మ కోసం తగువుకు దిగింది. 1938 అక్టోబరు 10న ఆయన పోయాడు. తగువు మిగిలిపోయింది. ఆ గదిలో మరియా ఆంహెలెస్ ఉంటే ఏమనేదో అని చాలాసార్లు ఊహించుకున్నాను.

ఇక ఆ చర్చి పెద్ద బిషప్పు అగ్లిపాయ్ ఇంటి సంగతి. అది చెప్పాలంటే ముందు పాదిరుల పెళ్లిళ్ల గొడవ చెప్పాలి.

కాథలిక్ పాదిరికి పెళ్లి నిషేధం. స్పెయిన్ కాలంలో ఊరూరా ఆ నియమం కాగితం మీదే ఉండేదని అందరికీ తెలుసు. రిసాల్ రాసిన ‘నోలి మె తాంహెరె’ నవలలో కథానాయిక మరియా క్లారాకు అసలు తండ్రి ఫ్రాన్సిస్కన్ సన్యాసి పాద్రె దామసో. 1887లో ఆ నవల వచ్చినప్పుడు జనం చదివి ముక్కున వేలేసుకోలేదు. ఇది మా ఊరి కథే కదా అన్నారు. అలాంటి ఆడవాళ్లకు పేరు లేదు, హక్కు లేదు. పిల్లలకు తండ్రి పేరు లేదు. స్వతంత్ర చర్చి ఆ దొంగచాటు బతుకులకు తెర దించుతూ, పాదిరులు పెళ్లి చేసుకోవచ్చంది. రోముతో జరిగిన పోట్లాటలో జెండాలూ ఆస్తులూ అందరికీ కనిపిస్తాయి. నా మటుకు, ఒక ఆడమనిషి ఫలానా పాదిరిగారి భార్యనని పదిమందిలో చెప్పుకునే వీలు కలగడం వాటికి ఏ మాత్రం తక్కువది కాదు.

నియమం మారింది కానీ అలవాటు వెంటనే మారలేదు. పెళ్లి మాట ఎత్తకుండానే కలిసి ఉండే పాదిరులు ఉండనే ఉన్నారు. పెద్ద బిషప్పు తానే బ్రహ్మచారి కాబట్టి, ఆయన్ని చూపించి తప్పించుకునే వీలు కూడా ఉండేది. 1939 మార్చి 12న గ్రెగోరియో అగ్లిపాయ్ పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు దాటాయి. యుద్ధంలో గెరిల్లా దళం నడిపినవాడు, కాథలిక్ చర్చి వెలివేసినవాడు, 1935లో దేశాధ్యక్ష పదవికి కెసోన్ మీద పోటీ చేసి ఓడినవాడు. పెళ్లికూతురు పిలార్ హమియాస్, ఇలోకోస్ నార్తెలోని సర్రాత్ ఊరి ఆమె. ఆయన సొంతూరు బతాక్ కూడా ఆ జిల్లాలోనే. తన పాదిరులకు దారి చూపడానికే ఈ పెళ్లి అని ఆయన చెప్పాడు.

పిలార్ పెద్ద బిషప్పు భార్యగా బతికింది ఏడాదిన్నర లోపే. 1940 సెప్టెంబరు 1న అగ్లిపాయ్ పోయాడు. ఆ ఏడాదిన్నరను తేలిగ్గా తీసేయకూడదు. లక్షల మందికి పెద్దయిన మనిషి పక్కన, గుడి ముందు వరుసలో, ధర్మపత్నిగా ఒక స్త్రీ కూర్చుంది. ఆనాటి ఊరి పాదిరి ఇంట్లో వెనక గదిలో ఉండిపోయిన ఆడమనిషి ఆ దృశ్యాన్ని గుర్తు చేసుకుని తన పాదిరిని అడగగలిగింది. అడిగినవాళ్లు ఉండే ఉంటారు. ఆ బతాక్‌లోనే, అగ్లిపాయ్ పుట్టిన రోజైన మే 5న, 2019లో, ఎమెలిన్ దకుయ్‌కుయ్ అనే స్త్రీ ఆ చర్చి తొలి మహిళా బిషప్పు అయింది.

మాద్రిద్‌లో పుట్టిన పిల్లాణ్ణి గుర్తుపెట్టుకోమన్నాను కదా. తల్లి టోక్యోలో పోయేనాటికి అతనికి పదేళ్ల ప్రాయం. తండ్రి పెట్టిన చర్చిలోనే పాదిరయ్యాడు, బిషప్పయ్యాడు. రెండో ప్రపంచయుద్ధంలో మనీలా నేలమట్టమైన మరుసటి ఏడు, 1946లో, అదే చర్చికి పెద్ద బిషప్పుగా, అక్కడి మాటలో ఒబిస్పో మాక్సిమోగా, ఎన్నికయ్యాడు. చర్చికి ఒక పాత లోటు ఉండేది. 1903లో అగ్లిపాయ్‌ను బిషప్పుగా ప్రతిష్ఠించింది పాదిరులే. బిషప్పుల చేతుల మీదుగా రావలసిన అపొస్తలుల వారసత్వం అతనికి లేదని కాథలిక్కులు ఎత్తిచూపేవాళ్లు. 1948 ఏప్రిల్ 7న మనీలాలో సెయింట్ లూక్స్ చర్చిలో, అమెరికా ఎపిస్కోపల్ చర్చి బిషప్పులు మరో ఇద్దరితో పాటు ఇసబెలో హూనియర్ తల మీద చేతులుంచి ఆ లోటు తీర్చారు. 1971లో పోయేదాకా ఆయనే ఆ చర్చికి పెద్ద.

స్పెయిన్ కల్నల్ మనవడు, కాథలిక్ తల్లి కొడుకు. ఆ రోజు మోకాళ్ల మీద కూర్చున్న ఆ 48 ఏళ్ల మనిషికి తల్లి నేర్పిన మొదటి ప్రార్థన స్పానిష్‌లోనే ఉండి ఉంటుంది.

(వచ్చే భాగం: లగొనొయ్ గుడి ఎవరిది? 1906 నాటి సుప్రీంకోర్టు తీర్పు)